మినహాయింపులే సాక్ష్యాలు

వాయుస్థితిలో ఉన్న పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి పట్టే శక్తే అయనీకరణ శక్తి. ఆవర్తన పట్టికలో ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ ఇది పెరుగుతుందనీ, కిందికి దిగేకొద్దీ తగ్గుతుందనీ పదో తరగతిలోనే చదువుకుంటాం. మొత్తమ్మీద అది నిజమే. రెండో పీరియడు మొదట్లో ఉన్న లిథియానికి మోల్‌కు 520 కిలోజౌళ్లు చాలు, చివర్లో ఉన్న నియాన్‌కు 2081 కావాలి. కానీ దారిలో రెండుచోట్ల అంకె తగ్గుతుంది. బెరీలియానికి 900 అయితే బోరాన్‌కు 801. నైట్రోజన్‌కు 1402 అయితే ఆక్సిజన్‌కు 1314. వీటిని మినహాయింపులని చెప్పి పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం. పరమాణువు లోపలి అమరికకు గట్టి సాక్ష్యం వీటిలోనే ఉందని నా వాదన.

ప్రోటాన్లు ఎక్కువైతే పట్టు బిగుస్తుందన్న ఒక్క సూత్రమే నిజమైతే, 55 ప్రోటాన్లున్న సీజియం తన ఎలక్ట్రాన్‌ను మూడే ఉన్న లిథియం కంటే గట్టిగా పట్టుకోవాలి. కానీ సీజియానికి 376 చాలు. బయటి ఎలక్ట్రాన్ దూరంగా ఉండటం, లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకాకర్షణకు అడ్డుపడటం ఇందుకు కారణాలు. ఇక ఆ రెండు తగ్గుదలల సంగతి. బోరాన్‌లో కొత్త ఎలక్ట్రాన్ 2ఎస్ ఆర్బిటాల్ కంటే కాస్త ఎక్కువ శక్తి ఉన్న 2పి ఆర్బిటాల్‌లోకి చేరుతుంది, అందుకే తేలిగ్గా ఊడుతుంది. నైట్రోజన్‌లో మూడు 2పి ఆర్బిటాళ్లలో ఒక్కొక్క ఎలక్ట్రానే ఉంటుంది. ఆక్సిజన్‌లో నాలుగోది మరొకదానితో ఆర్బిటాల్ పంచుకోవాలి, ఆ రెంటి మధ్య వికర్షణ పట్టును సడలిస్తుంది.

అంకె తగ్గిన చోటల్లా ఒక కారణం అల్లుకుంటే అది శాస్త్రమా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వివరణ సరైనదైతే మూడో పీరియడులోనూ సరిగ్గా అవే స్థానాల్లో అంకె తగ్గాలి. మెగ్నీషియానికి 738, అల్యూమినియానికి 578. ఫాస్ఫరస్‌కు 1012, సల్ఫర్‌కు 1000. తగ్గింది. ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది: ఒకే పరమాణువు నుంచి వరసగా ఎలక్ట్రాన్లను తీసి చూడటం. సోడియానికి మొదటిదానికి 496, రెండోదానికి ఏకంగా 4562. మెగ్నీషియానికి 738, 1451, ఆపైన 7733. బయటి కక్ష్య ఖాళీ అయ్యాకే అంకె ఎగబాకుతోంది. మనం తినే ఉప్పులో సోడియం ఒకే ధనావేశంతో ఉండటానికి కారణం ఇదే. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ఈ అంకెలతో పిల్లల చేత గ్రాఫు గీయించండి, గీత కిందికి వంగిన చోట ఎందుకని అడగండి, సూత్రం ఆ తర్వాత చెప్పండి.