సాక్ష్యం వేరు, రుజువు వేరు



మనం సాక్ష్యం విలువ తెలిసిన వాళ్లం. ఆదివారం సంఘంలో ఎవరైనా లేచి దేవుడు తనకు చేసిన మేలు చెబితే మనసారా వింటాం, స్తోత్రం చెబుతాం. అది మంచిదే. అయితే ఫోన్‌లో వచ్చే ఆరోగ్య వీడియోలను కూడా అదే చెవితో వింటున్నాం. చిక్కు అక్కడే ఉంది.

2021 మే నెల గుర్తు చేసుకుందాం. కరోనా రెండో వేవ్. ఆసుపత్రుల్లో బెడ్లు దొరకవు, ఆక్సిజన్ దొరకదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలాదిమంది బారులు తీరారు. కంట్లో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. కొద్ది రోజులకే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనపెట్టి మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. వాటితో కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని, డాక్టర్లు రాసిన మందులు ఆపవద్దని కూడా చెప్పింది. వీడియో చూసినవాళ్లలో ఈ మాట ఎందరికి చేరింది?

ఆ పెద్దాయన అబద్ధమాడారని మేము అనడం లేదు. తనకు అనిపించింది చెప్పారు. కానీ కరోనా వచ్చినవారిలో ఎక్కువమంది ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకున్నారు. అలాంటి జబ్బుకు ఏది ఇచ్చినా, దానివల్లే తగ్గిందని చెప్పేవారు వందల్లో దొరుకుతారు. తగ్గనివారు వీడియోలో కనబడరు. అందుకే మందును పరీక్షించేవారు వేసుకున్నవారినీ వేసుకోనివారినీ పోల్చి, రెండువైపులా లెక్క చూస్తారు.

ఇలా అడగడం అవిశ్వాసం కాదు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదని, న్యాయాధిపతులు బాగా విచారించాలని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం నేర్పుతుంది. బెరయవారు పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్నారు. అపొస్తలుని మాటనే పరిశీలించినప్పుడు, ఫార్వర్డ్ మెసేజ్‌ను పరిశీలించడానికి మనకు మొహమాటమెందుకు?

ఇది న్యాయానికి సంబంధించిన సంగతి కూడా. హోసూరులో, కోలారులో, బరంపురంలో, షోలాపూర్‌లో ఉన్న మనవాళ్లకు ఆసుపత్రి బోర్డు వేరే భాషలో ఉంటుంది. ఇంట్లో పెద్దలకు అర్థమయ్యే తెలుగులో వచ్చేది ఈ వీడియోలే. మన భాషలో చెప్పాడు కాబట్టి మనవాడే అనుకుంటాం. షుగర్ మాత్రలు మానేసి కషాయం తాగితే, టీబీ మందులు మధ్యలో ఆపేస్తే, నష్టపోయేది కూలి చేసుకునే కుటుంబమే. వీడియో పెట్టినవాడికి మాత్రం వ్యూస్ వస్తాయి.

షుగర్, క్యాన్సర్, పక్షవాతం లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954లోనే చట్టం నిషేధించింది. తాయెత్తులకు, మంత్రాలకు కూడా అది వర్తిస్తుంది. మరి ప్రార్థన నూనె పేరుతో అదే మాట చెప్పి అమ్మేవారిని మనం ఎందుకు ప్రశ్నించడం లేదు?

యువతీయువకులారా, ఏ వీడియో వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఇది వాడినవారిలో ఎంతమందికి తగ్గలేదు? వాడనివారికి ఏమైంది? చెప్పేవాడు ఏమి అమ్ముతున్నాడు? జవాబు లేకపోతే ఫార్వర్డ్ చేయకండి. మీకు స్థానిక భాష చదవడం వచ్చు. ఆరోగ్య కేంద్రంలో రాసి ఉన్నది ఇంట్లో అమ్మమ్మకు, తాతయ్యకు తెలుగులో చదివి చెప్పండి. రోగి కోసం ప్రార్థన చేద్దాం, వేళకు మాత్ర కూడా మన చేత్తోనే అందిద్దాం. పొరుగువానిని ప్రేమించడమంటే ఇది కూడా.