సిగ్నలు అందని గూడెములు - మన సంఘముల పని
(శతాబ్ది సభల సందర్భమున పాస్టరేటు పెద్దల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో సెల్‌ఫోను టవర్లను గూర్చి ప్రసంగమేమిటని కొందరు నన్ను అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. సెల్‌ఫోను వలన పిల్లలు చెడిపోవుచున్నారని మన కూటములలో తరచుగా వినుచున్నాము. ఆ మాట నేను కాదనను. అయితే చెడిపోవుటకైనా బాగుపడుటకైనా ముందు ఫోను పలకవలెను కదా! ఆ ఫోనే పలుకని గూడెములలో కూడ విశ్వాసులున్నారు. వారి పక్షమున నాలుగు మాటలు చెప్పనిండు.

మన దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. కలకత్తా నుండి జ్యోతిబసు గారు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్ గారితో మాట్లాడినారు. ముప్పది ఏండ్లు దాటినవి. పట్టణములో చేపల బజారులో కూడ ఫోనుతోనే డబ్బు చెల్లించుచున్నాము. చింతూరు, మారేడుమిల్లి, పాడేరు కొండలలో మాత్రము ఫోను పట్టుకొని గట్టెక్కి, ఏ చెట్టు క్రింద రెండు గీతలు కనబడునో అక్కడ నిలువబడి మాట్లాడు జనులు నేటికిని కలరు.

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. ఎంతో గొప్ప సేవ. కాని ఆ మూడు అంకెలు నొక్కినప్పుడు అవతల ఎవరైన పలుకుటకు సిగ్నలు ఉండవలెను. నొప్పులు పడుచున్న తల్లిని డోలీలో మోసికొని రోడ్డు చేర్చి, అక్కడనుండి ఫోను చేసి, ఆ పైన బండి కొరకు కాచుకొనవలసి వచ్చుచున్నది. మొదటి ఆలస్యము దారి లేనందున వచ్చినది. రెండవది కేవలము కబురు అందనందున వచ్చినది. డోలీ ఇల్లు విడిచిన వేళకే బండి కూడ బయలుదేరినచో ఎంత మేలు! ప్రసవ సమయములో ఒక గంట ఎంత విలువైనదో మన మిషను ఆసుపత్రుల నర్సమ్మలను అడగండి. రోడ్డు వేయుటకు ఏండ్లు పట్టవచ్చును. టవరు నిలుపుటకు అంతకాలము పట్టనక్కరలేదు.

ఇక రేషను యంత్రము, పింఛను వేలిముద్ర సంగతి మీరెరిగినదే. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనులలో హాజరును ఫోను ఫొటో ద్వారా పంపవలెనని నియమము పెట్టినారు. ఎండలో మట్టి మోసినవాని హాజరు కొరకు మేస్త్రి సిగ్నలు వెదకుచు తిరుగవలసి వచ్చినది.

టవరు ఏల రాలేదు? కొంత కొండల వలన. రేడియో తరంగము చాలవరకు నేరుగా పోవును, అడ్డముగా కొండ ఉన్నచో ఆగిపోవును. మరియొక సంగతి కూడ ఉన్నది. టవరు కేక వేయును, మన ఫోను గుసగుసలాడును. 4జీ ఫోను పంపగల శక్తి వాటులో ఐదవ వంతు మాత్రమే. టవరు కేక మనకు వినబడినంత మాత్రమున మన గుసగుస దానికి అందదు. తెరమీద గీత కనబడినను కాల్ కలియకపోవుటకు ఇది ఒక కారణము. టవరు నిలిపినంతలో పని ముగియదు. దానిని నగరమునకు కలుపు తీగెయో, మైక్రోవేవు లంకెయో కావలెను. కరెంటు లేనప్పుడు బ్యాటరీయో, సోలారు పలకలో, డీజిలో కావలెను. నలుబది ఇండ్ల గూడెములో రీఛార్జి డబ్బులు డీజిలు ఖర్చుకు చాలవు. కంపెనీని తిట్టి లాభము లేదు, వ్యాపారము వ్యాపారమే.

అందుకే ప్రభుత్వము 2002 నుండి ఒక నిధి నడుపుచున్నది. దాని నేటి పేరు డిజిటల్ భారత్ నిధి. కంపెనీల సవరించిన ఆదాయములో నూటికి 5 వంతులు అందులోనికి పోవును. అనగా మనము చేయించుకొను రీఛార్జిలో కొంత భాగమే అది. గూడెమువారు అడుగునది భిక్ష కాదు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రములలోని 7,287 గ్రామములకు 4జీ ఇచ్చుటకు సుమారు 6,466 కోట్లు కేటాయించినారు. 2022 జూలైలో దేశమంతట 24,680 గ్రామములకు 26,316 కోట్లతో బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా పని ఒప్పుకొన్నారు. కొత్తగా వెలసిన ఊళ్లకు, కంపెనీలు సేవ మానుకొనిపోయిన చోట్లకు మరి 20 శాతము వరకు చేర్చుకొనవచ్చునని అందులోనే వ్రాసినారు.

చిక్కు ఎక్కడనగా, లెక్క గ్రామమును బట్టి జరుగును. పెద్ద ఊరిలో సిగ్నలు ఉన్నచో గ్రామము "అందినది" అని వ్రాయుదురు. ఆ గ్రామమునకే చెందిన గూడెము కొండ వెనుక ఉన్న సంగతి కాగితము మీద కనబడదు. కాని ప్రతి ఆదివారము అక్కడికి నడిచిపోవు మన ఉపదేశికి, బైబిలు స్త్రీకి ఏ మలుపులో ఫోను మూగబోవునో తెలియును. నెహెమ్యా యెరూషలేము చేరి మూడు దినములైన తరువాత, ఎవరికిని చెప్పక రాత్రివేళ గోడలను చూచి వచ్చినాడు. పిమ్మటనే పెద్దలతో మాట్లాడినాడు. మనము కూడ ముందు చూచి వ్రాయవలెను, తరువాత అడుగవలెను.

ఆ వ్రాసినది గ్రామసభలో పెట్టించి తీర్మానము చేయించండి. బిషప్ అయ్యగారి సంతకముతో పోవు వినతిపత్రము కంటె గ్రామసభ తీర్మానమే బలమని నా అభిప్రాయము. అందులో మనవారే కాక ఊరంతయు ఉండును. ఐ.టి.డి.ఎ. కార్యాలయమునకు, పార్లమెంటు సభ్యునికి తలా ఒక నకలు పంపండి. స్థలము అడవిదైనచో అటవీశాఖ అనుమతి కావలెను, దానికి కాలము పట్టును. ఓపిక పట్టండి.

పట్టణ సంఘములవారికి ఒక మాట. టవరు కిరణములవలన రోగము వచ్చునని భయపడువారున్నారు. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశములో ఆ కిరణముల హద్దును అంతర్జాతీయ హద్దులో పదవ వంతుకు తగ్గించినారు. అనుమానమున్నవారు కొలిపించుకొనవచ్చును. మన మేడమీద వద్దన్న టవరు కొరకే కొండమీదివారు ప్రార్థన చేయుచున్నారు.

టవరు వచ్చిన తరువాత కూడ పని ఉన్నది. 4జీ మాత్రమే ఇచ్చు టవరు క్రింద ముసలివారి పాత 2జీ కీప్యాడు ఫోను పలుకదు. దీనిని ముందుగానే చెప్పకున్నచో టవరు వచ్చిననాడు నిరాశ కలుగును. ఈ నిధితో కట్టిన టవరు నుండి వేరు కంపెనీల సిమ్ములు కూడ పలుకు ఏర్పాటు 2025 జనవరిలో ఆరంభించినారు. మీ టవరుకు అది వచ్చినదో లేదో అడగండి. 2021 పథకములో నడుపు ఖర్చు ఐదేండ్లకే లెక్క కట్టినారు. ఆ గడువు ముగియునప్పుడు ఎవరు చూచుకొందురని ఇప్పటినుండే ప్రశ్నించవలెను. టవరు ఆగిన దినములను ఒక యువకుడు నోటు పుస్తకములో వ్రాసి ఉంచినచో ఆ ప్రశ్నకు బలముండును.

నమూనా కాగితములు వెనుక బల్లమీద ఉన్నవి. ఉపదేశులు తలా ఐదు తీసికొనగలరు. గూడెము పేరు, ఇండ్ల సంఖ్య, సిగ్నలు దొరుకు చోటికి ఎంత దూరము, ఏ కంపెనీది, వానకాలములో దారి ఎట్లుండును, కరెంటు స్తంభము ఎక్కడ ఉన్నది, ఇవి చాలును. గూడెము పేరు అక్కడివారు పిలుచునట్లే వ్రాయండి, రికార్డులోని పేరు దాని క్రింద వ్రాయవచ్చును.