కాసిడీహ్ నుంచి ఒక చుట్టు: సైకిలుపై జంషెడ్‌పూర్ చరిత్ర

ఈ పాఠంలో మన విషయం సైకిలు ప్రయాణ ప్రణాళిక. బజారుకు వెళ్ళి రావడానికి ప్రణాళిక అక్కరలేదు. కాని రెండు మూడు గంటలు తొక్కి, చూడవలసినవి చూసి, ఎక్కువగా అలసిపోకుండా క్షేమంగా ఇల్లు చేరాలంటే ముందుగా కాగితం మీద ఆలోచించుకోవాలి.

ఇంగ్లండులో సైకిలు యాత్రికుల సంఘం 1878లోనే ఏర్పడింది. పాత పల్లెలను, చర్చీలను కలుపుతూ బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే చుట్టుదారులు అక్కడ ప్రసిద్ధం. అదే పద్ధతిని మనం జంషెడ్‌పూర్‌లోని కాసిడీహ్‌కు అన్వయించి చూద్దాం.

ముందుగా ఆ పేరునే గమనించండి. ఆ ప్రాంతంలో ‘డీహ్’ అంటే జనం నివసించే చోటు, గ్రామస్థానం. కాసిడీహ్, బెల్డీహ్ వంటి పేర్లు కర్మాగారం రాకముందే అక్కడ ఊళ్ళు ఉండేవని చెబుతాయి. పక్కనున్న సాక్చీ కూడా ఒక పల్లె పేరే. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ ఈ సాక్చీ దగ్గరే కర్మాగారాన్ని కట్టింది. 1912లో మొదటి ఉక్కు దిమ్మ తయారయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఉక్కు చేసిన సాయానికి గుర్తింపుగా 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చి, పట్టణానికి జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. పట్టణం పేరు మారినా పేటల పేర్లలో పాత పల్లెలు మిగిలాయి. మన ప్రయాణంలో చదవవలసిన మొదటి పాఠం ఇదే.

ఇప్పుడు దారి. కాసిడీహ్ నుంచి సాక్చీ, జూబిలీ పార్కు, బిష్టుపూర్, కద్మా, సోనారి, దోముహాని. అక్కడి నుంచి సువర్ణరేఖ ఒడ్డున మెరైన్ డ్రైవ్ మీదుగా మాంగో వంతెన దాకా వచ్చి, సాక్చీ నుంచి ఇంటికి. మొత్తం 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 1 గంట 40 నిమిషాలు. మూడు చోట్ల 20 నిమిషాలు ఆగితే మొత్తం 2 గంటల 40 నిమిషాలు. మధ్యస్థమైన శ్రమ అంటే ఏమిటి? తొక్కుతూనే పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి.

మొదటి మజిలీ జూబిలీ పార్కు. సంస్థ 50 ఏళ్ళ సందర్భంగా 1958లో ప్రధాని నెహ్రూ దీనిని ప్రారంభించారు. లోపలికి సైకిలును అనుమతిస్తారో లేదో గేటు దగ్గర ముందురోజే అడగండి. వీలుకాకపోతే బయటి దారిన వెళ్ళాలి.

రెండవది బిష్టుపూర్. ఇక్కడి ఆంధ్రభక్త శ్రీరామ మందిరం మనవారి ఉనికికి గుర్తు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు కాలీమాటి మీదుగా, మరొకవైపు వాల్తేరు దాకా సాగేది. ఆ రైలుమార్గమే ఉత్తరాంధ్ర శ్రామికులకు ఉక్కు నగరం దారి చూపింది.

మూడవది దోముహాని. ఖర్కాయి నది సువర్ణరేఖలో కలిసే చోటిది. కర్మాగారానికి ఈ స్థలాన్ని ఎంచుకోవడానికి ముఖ్యకారణాలు నదుల నీరు, దగ్గరలోని రైలు స్టేషను. మకర సంక్రాంతినాడు ఇక్కడ పుణ్యస్నానాలు, టుసు పండుగ సందడి ఉంటాయి. ఆ రోజు రద్దీ ఎక్కువ. సైకిలుకు మరో రోజు మంచిది.

ఈ వరుసలోనే ఎందుకు వెళ్ళాలి? మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం. సోనారి నుంచి తూర్పుకు వస్తే నది కూడా ఎడమవైపే ఉంటుంది. కనుక ఒడ్డున ఆగడానికి రోడ్డు దాటనక్కరలేదు. నష్టం ఒకటే: పొద్దుటి ఎండ కళ్ళలో పడుతుంది. ముందు అంచున్న టోపీ పెట్టుకోండి.

వేళ మాట. కర్మాగారంలో షిఫ్టులు మారేది ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి. ఆ వేళల్లో సాక్చీ, బిష్టుపూర్ గేట్ల దగ్గర ఉండకూడదు. చలికాలంలో 7 గంటలకు బయలుదేరండి. వేసవిలో 5 గంటలకే బయలుదేరితే 6 అయ్యేసరికి గేట్లు దాటిపోతారు. వానాకాలంలో నది పొంగినప్పుడు ఒడ్డు దారి మానుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం లారీలు. కూడలిలో ఆగిన లారీకి ఎడమ పక్కన సైకిలు నిలపవద్దు. అది ఎడమకు తిరిగితే డ్రైవరుకు మీరు కనిపించరు. వెనుక చక్రాలు ఇంకా లోపలికి వస్తాయి. లారీ వెనుకే, ఎడంగా ఆగండి. నిమిషం పోతే పోయింది, ప్రాణం ముఖ్యం. ఈ కారణంగానే మాంగో వంతెన దాటి, జాతీయ రహదారి మీదుగా డిమ్నా సరస్సుకు వెళ్ళే ఆలోచనను మొదటి ప్రయాణంలో చేర్చవద్దు.

బయలుదేరే ముందు గాలి, బ్రేకులు, చైను చూసుకోండి. సీటు మీద కూర్చుని, కిందికి దిగిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. సీటు ఎత్తుకు అదే కొలత. ఒక లీటరు నీళ్ళు, పంక్చరు సామాను, కొంచెం చిల్లర ఉంచుకోండి. అలసట అనిపిస్తే కద్మా దగ్గరే వెనుదిరగవచ్చు. అలా వెనుదిరిగే చోటు ముందే గుర్తించి ఉంచుకోవడం ప్రణాళికలో భాగమే, ఓటమి కాదు.

అభ్యాసం: మీ ఊరి పటం తీసుకోండి. ఇంటి నుంచి మొదలై ఇంటికే చేరే 15 కిలోమీటర్ల చుట్టు ఒకటి గీయండి. అందులో ఒక నీటి వనరు, ఒక పాత పేరు, వెనుదిరగగల ఒక చోటు గుర్తించండి. ఆ పాత పేరుకు అర్థమేమిటో అక్కడి పెద్దలను అడిగి రాసుకోండి.