ఎండా వానా మోసే మనసు

2009 అక్టోబరు తొలి వారం గుర్తుందా? కృష్ణా, తుంగభద్ర ఒక్కసారిగా పొంగి అలంపూర్, రాజోలి ప్రాంతాలను ముంచేశాయి. అలాంటి రాత్రి నడవగలిగినవాళ్లు గట్టెక్కుతారు. నడవలేనివాళ్లు ఎవరైనా వచ్చి ఎత్తుకుపోతారా అని చూస్తుంటారు. వరద తీసినా ఆ భయం పోదు. మబ్బు పడితే చాలు, మళ్లీ గుండె దడ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఎండదీ ఇదే కథ. వెన్నుపాము దెబ్బతిన్నవారికి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులూ వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. దానికి తోడు రేకుల ఇల్లు, కరెంటు ఉండదు, నీళ్ల కుండ చేతికందదు. వానలు లేక ఇంటివాళ్లు వలస పోతే పలకరించే దిక్కూ ఉండదు. నిద్ర పట్టదు, దిగులు ముదురుతుంది, ‘నేను బరువైపోయాను’ అనిపిస్తుంది.

ఏం చేయాలి? విపత్తుల్లో వికలాంగులకు సమాన రక్షణ కల్పించాలని 2016 నాటి హక్కుల చట్టమే చెబుతోంది. ఊళ్లో ఎవరిని ముందు తరలించాలో, ఎవరు తీసుకెళ్లాలో పంచాయతీ ముందే రాసి పెట్టుకోవాలి. మందులు సొంతంగా మానొద్దు, డాక్టరును అడగండి. మనసు బాగోకపోతే మానసిక ఆరోగ్య సహాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ ‘టెలీ మానస్’కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ మధ్యాహ్నం పక్కింటి తలుపు ఒక్కసారి తట్టండి. కుండను కాస్త దగ్గరికి జరపండి.