ఒకే వంపు గీత, రెండు అర్థములు
(గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగము)



వేదాంత కళాశాలలో చదువుచున్న దినములలో నేను బేస్ పాడేవాడను. ఒక క్రిస్మస్ ఆరాధనలో అందరు చివరి అక్షరమును నిలిపియుండగా, నేనొక్కడనే దానిని మరల పలికితిని. మందిరమంతయు వినబడినది. పుస్తకములో రెండు స్వరములు కనబడినవి గనుక రెండుసార్లు పాడితిని. వాటిని కలుపుచున్న వంపు గీతను చూచితిని గాని దాని అర్థము నాకు తెలియదు.

స్టాఫ్ నొటేషన్‌లో అట్టి గీతలు రెండు: టై, స్లర్. చూపునకు రెండును ఒకటే. టై ఒకే స్వరస్థానములో ప్రక్కప్రక్కనున్న రెండు స్వరములను కలుపును. రెండవదానిని మరల పలుకరాదు. దాని కాలమును మొదటిదానికి కూడవలెను. బార్ చివరనున్న రెండు మాత్రల స్వరము, తరువాతి బార్‌లోని ఒక మాత్ర స్వరముతో టై అయినయెడల, మూడు మాత్రలు నిలుపవలెను. స్లర్ వేర్వేరు స్వరములను కలుపును. వాటిని తెంపక పాడవలెను. పాటలో సాధారణముగా వాటన్నిటికి ఒకే అక్షరము.

ఒకే అక్షరము మీద సొప్రానో వారికి స్లర్, బేస్ వారికి టై ఉండవచ్చును. కాబట్టి గీతను కాదు, దాని రెండు కొనలనున్న స్వరములను చూడుడి. చోటు మారలేదా? నడుమ వేరొక స్వరము లేదా? అయితే అది టై. చోటు మారకున్నను రెండవదానికి క్రొత్తగా షార్ప్ గుర్తు చేరినయెడల అది స్లర్.

ఆంగ్ల పాదిరి జాన్ కర్వెన్ (1816-1880) వ్యాప్తిచేసిన టానిక్ సోల్ఫాలో ఈ చిక్కు లేదు. స్వరమును నిలుపుటకు ప్రక్కన అడ్డగీత. ఒకే అక్షరమునకు చెందిన స్వరములకు క్రింద గీత. సోల్ఫాతో మొదలుపెట్టినవారు స్టాఫ్ చదువునప్పుడు ఈ తేడా మరువరాదు.

మరియొక మాట. ఇంగ్లీషు రాగమునకు తెలుగు మాటలు కూర్చినప్పుడు, ఒక చరణములో స్లర్ క్రింద ఒక అక్షరము, వేరొక చరణములో రెండు అక్షరములు రావచ్చును. అప్పుడు మాటనుబట్టియే పాడవలెను.

సంఘములో అనేకులకు నొటేషన్ రాదు. వారు మన గొంతు విని పాడుదురు. మనము మాటను విరిచినయెడల వారును విరుచుదురు. వారి పిల్లలు అదే నేర్చుకొందురు. కనుక వచ్చే అభ్యాసమునకు ముందు, ప్రతి టై మీద పెన్సిలుతో “నిలుపు” అని వ్రాసికొనుడని నా మనవి.