పిల్లల నొప్పి నాటకం కాదు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



బడివేళకు పిల్లవాడు కడుపునొప్పి అంటాడు. పొద్దెక్కేసరికి ఆడుకుంటాడు. వారం తిరగకముందే మళ్ళీ అదే నొప్పి. బడి ఎగ్గొట్టే నాటకమని తండ్రి గద్దిస్తాడు. నజర్ తగిలిందని దాదీ తావీజు కట్టిస్తుంది. తల్లి అప్పు చేసి స్కానింగ్ తీయిస్తుంది. రిపోర్టులో ఏమీ ఉండదు. నొప్పి మాత్రం ఉంటుంది.

ఇది మన ఇళ్ళకే పరిమితమైన సమస్య కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగర వైద్యుడు జాన్ ఆప్లే తన సహచరురాలితో కలిసి వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి, 1958లో ఫలితాలను ప్రకటించారు. మూడు నెలల కాలంలో కనీసం మూడు మార్లు, రోజువారీ పనులకు ఆటంకం కలిగించేంతగా వచ్చిన నొప్పినే ఆయన లెక్కలోకి తీసుకున్నారు. అయినా సుమారు ప్రతి పదిమందిలో ఒకరికి అటువంటి కడుపునొప్పి ఉన్నట్టు తేలింది. ఇటువంటి పిల్లల్లో అత్యధికులకు అవయవాల్లో వ్యాధి ఏదీ కనబడదు.

అంతమాత్రాన నొప్పి అబద్ధమా? కాదు. మన జీర్ణనాళంలో కోట్లాది నాడీకణాలున్నాయి. అవి మెదడుతో నిరంతరం సంబంధం కలిగి ఉంటాయి. భయం, దిగులు, అవమానం మనసును కమ్మినపుడు పేగుల కదలిక మారుతుంది. మామూలుగా తెలియని కదలిక సైతం నొప్పిగా అనుభవానికి వస్తుంది. మెడ, తల కండరాలు బిగుసుకొని తలనొప్పి వస్తుంది. దుఃఖం దేహాన్ని తాకుతుందన్నది మనకు కొత్త మాట కాదు. యూసుఫ్ (అ) ఎడబాటుతో కుమిలి యాఖూబ్ (అ) చూపు కోల్పోయిన వృత్తాంతం ఖుర్ఆన్‌లోనే ఉంది. ప్రవక్త దేహమే దుఃఖానికి అంతగా చలించినపుడు పసిదేహం మాటేమిటి?

ఇక మన ప్రాంతం సంగతి. పాలమూరు వలస అందరికీ తెలిసినదే. తండ్రి ముంబయిలోనో, హైదరాబాదులోనో ఉంటే, బిడ్డ దాదీ దగ్గర పెరుగుతాడు. మరో బిడ్డ ఐదో తరగతిలోనే గురుకులంలో చేరి అమ్మకు దూరమవుతుంది. ఇంట్లో ఉర్దూ, పాఠం మరో భాషలో. గుమ్మం ముందు అప్పులవాళ్ళ కేకలు. పేరును, టోపీని, హిజాబును చూసి తోటివారు చేసే ఎగతాళి. వీటిని చెప్పుకోవడానికి పిల్లవాడికి మాటలు చాలవు. అందుకే కడుపు మాట్లాడుతుంది.

అయితే ప్రతి నొప్పినీ మనసుకే అంటగట్టడం ప్రమాదకరం. బరువు తగ్గడం, విడవని జ్వరం, మలంలో రక్తం, ఆగని వాంతులు, నిద్రలోంచి లేపేసే నొప్పి, కీళ్ళ వాపు, బొడ్డుకు దూరంగా ఒకేచోట నిలిచే నొప్పి - వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్యునికి చూపాలి. మలబద్ధకం, నులిపురుగులు, రక్తహీనత, చూపు లోపం, ఖాళీ కడుపుతో బడికి వెళ్ళడం కూడా నొప్పులకు కారణాలే. ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించండి. వ్యాధి లేదని తేలితే ఆసుపత్రులు మార్చుతూ తిరగకండి.

ఆ తర్వాత చేయవలసింది ఇంట్లోనే ఉంది. ‘నాకు తెలుసు, నీకు నిజంగానే నొప్పి’ అనండి. నొప్పి గురించి పదేపదే అడగకుండా, బడిలో ఏం జరిగిందో అడగండి. మెల్లగా బడికి అలవాటు చేయండి. దూరాన ఉన్న తండ్రి రోజూ ఒకే వేళకు ఫోన్ చేస్తే అదే సగం మందు. బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం, నిర్భయంగా ప్రశ్నించండి. టెలి మానస్ 14416, చైల్డ్ లైన్ 1098 నంబర్లను ఇంట్లో రాసిపెట్టుకోండి.

ఓర్పు మనది, బాధ్యత ప్రభుత్వానిది కూడా. మూడు జిల్లా కేంద్రాల్లోనూ నేడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వాటి ఆసుపత్రుల్లో పిల్లల మానసిక సమస్యలకు వారానికొక రోజు కేటాయించాలని, ప్రతి గురుకులంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని కోరుదాం. ఇది దయ కాదు, మన బిడ్డల హక్కు.

పసిబిడ్డ ఏడుపు విని నమాజునే సంక్షిప్తం చేసిన ప్రవక్త (స) అనుచరులం మనం. మన బిడ్డ నొప్పి అన్నపుడు చేతిలో పని కాసేపు ఆపి వినలేమా? అల్లాహ్ మనకు ఆ ఓపికను ప్రసాదించుగాక! ఆమీన్.