నేరము పుట్టుకలో నున్నదా?



గ్రామములో ఒకరి యింట రాత్రివేళ కంచుచెంబో, గాదెలోని ధాన్యమో పోయినదనుకొందము. తెల్లవారకముందే ఊరివారి అనుమానము ఒక్క దిక్కునకే పోవును. ఊరి వెలుపల గుడిసెలు వేసికొని బుట్టలల్లుకొనువారే మొదట జ్ఞప్తికి వత్తురు. పొరుగింటివానిని ఎవరును తలపరు. ఈ అనుమానము అలవాటుగా వచ్చినదే గాని దీని వెనుక ఒక సిద్ధాంతము దాగియున్నది. నేరము రక్తములో నుండుననియు, తండ్రినుండి కొడుకునకు సంక్రమించుననియు నమ్ముటయే ఆ సిద్ధాంతము. అది ఈ దేశమున చట్టమై, లక్షలాది జనులను ఎనుబది యేండ్లు బంధించినది.

నేరమునకు కారణము వెదకిన పాశ్చాత్య పండితులందరును ఒకే త్రోవను పోలేదు. ఇటలీ దేశీయుడగు బెకారియా 1764లో ప్రకటించిన చిన్న గ్రంథములో, మనుజుడు లాభనష్టములు చూచుకొనియే నేరమునకు పూనుకొనునని చెప్పెను. కావున శిక్ష క్రూరముగా నుండుటకన్న తప్పక పడునట్లుండుటయే మేలని వాదించెను. జర్మనీలోని బవేరియా రాజ్యమున 1836 మొదలు 1861 వరకు గల లెక్కలను మాయర్ అను గణాంక శాస్త్రజ్ఞుడు పరిశీలించెను. రై ధాన్యము ధర పెరిగినప్పుడు దొంగతనములు పెరుగుటయు, ధర తగ్గినప్పుడు అవి తగ్గుటయు ఆయనకు గోచరించెను. రై అచ్చటి పేదలకు రొట్టెపిండి, ఇచ్చటి జొన్నవంటిది. మనుష్యుల రక్తము ఏటికేడు మారదు గదా!

ఇంతలో ఇటలీలోనే లోంబ్రోసో అను వైద్యుడు బయలుదేరెను. ఆయన ఒక దొంగ పుఱ్ఱెను పరీక్షించి, దాని వెనుకభాగమున ఒక చిన్న గుంటను చూచి, నేరస్థుడు ఆదిమ మానవుని లక్షణములతో పుట్టినవాడని తీర్మానించెను. పెద్ద దవడ, చేటచెవులు మొదలగునవి పుట్టుదొంగ గుర్తులని 1876లో గ్రంథము వ్రాసెను. తరువాత ఆయనయే ఈ మాటను కొంత సడలించుకొనెను గాని అప్పటికే అది దేశదేశములకు ప్రాకినది. ఇంగ్లండులో గోరింగ్ అను జైలు వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, ఆ కొలతలను విద్యార్థుల యొక్కయు, సైనికుల యొక్కయు కొలతలతో పోల్చెను. ఖైదీలు సగటున కొంచెము పొట్టివారు, బరువు తక్కువవారు. అంతేగాని నేరస్థుని ముఖమనునది వేఱుగా లేదని ఆయన 1913లో ప్రకటించెను.

ఆ 1913వ సంవత్సరముననే గుంటూరు జిల్లా బాపట్ల ప్రాంతమున స్టూవర్టుపురము వెలసినది. లండనులో ఏ నమ్మకము పుస్తకములో కూలినదో, అదే నమ్మకము ఇచ్చట కంచె వేసికొని కూర్చున్నది.

ఈ దేశపు పాలకులు లోంబ్రోసో గ్రంథము కొరకు కాచుకొని యుండలేదు. నేరస్థ జాతుల చట్టము దానికి అయిదేండ్లు ముందుగా, 1871లోనే పుట్టినది. వడ్రంగి కొడుకు వడ్రంగి యగునట్లు దొంగ కొడుకు దొంగ యగునని దానిని సమర్థించినవారి తర్కము. మొదట ఉత్తరదేశమున అమలుజరిగిన ఈ శాసనము 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది. ప్రభుత్వము ఒక జాతిని నేరస్థజాతిగా ప్రకటించిన పిమ్మట ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమునందును ప్రశ్నింప వీలులేదు. దొంగిలించినవాడును, దొంగిలించనివాడును ఒకే రిజిస్టరులో నెక్కవలెను, వ్రేలిముద్ర లీయవలెను, పిలిచినప్పుడు హాజరు పలుకవలెను. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలలలో నుంచుటకును అధికారము గలదు.

ఇట్లు ప్రకటింపబడినవారిలో ఎరుకలవారొకరు. వారు పూర్వము చేసిన పనియేమి? కోస్తాలోని ఉప్పును గాడిదలమీదను, ఎద్దులమీదను ఎత్తుకొని మెట్టసీమలకు పోయి, అచ్చటి ధాన్యమును మార్చుకొని తెచ్చువారు. బండి పోలేని ఊళ్లకు ఉప్పు చేర్చినది వారే. త్రోవ పొడవున ఈతాకు బుట్టలు, చాపలు అమ్మువారు. స్త్రీలు ఎరుక చెప్పువారు. రైలుమార్గములు వచ్చి ఉప్పు రైలెక్కినది. ప్రభుత్వపు ఉప్పు పన్నును, అడవి చట్టములును వారి చేతులను మరింత కట్టివేసినవి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవులో పశువులు పోయినవి. పశువు లేని వర్తకుడు ఊరూర తిరిగినచో వానిని వర్తకుడని ఎవరందురు? నిన్నటివరకు ఉప్పు తెచ్చినవాడు నేడు అనుమానితుడైనాడు. వారిలో దొంగతనమునకు దిగినవారు లేరనుట అబద్ధమగును. కాని కొందరి నేరము జాతికంతకు ఎట్లు అంటినదన్నదే ఇచ్చటి ప్రశ్న.

స్టూవర్టుపురమునకు ఆ పేరు మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టూవర్టు పేర వచ్చినది. నిర్వహణము సాల్వేషన్ ఆర్మీ చేతులలో నుండెను. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న అచ్చట పాఠశాల నడిచినది, సేద్యమునకు భూమి నిచ్చిరి. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలి దొరికినది. అయినను, బయటికి పోవుటకు పాసు కావలసిన కూలి ఎట్టి కూలి? బడిలో చదువుకొన్న బాలుడు పెద్దవాడైన పిమ్మట ఆ రిజిస్టరులోనే వ్రేలిముద్ర వేయవలసివచ్చినచో, ఆ చదువు వానికేమి నేర్పినట్లు?

అమెరికాలో టానెన్‌బామ్ అను పండితుడు 1938లో ఈ విషయమునే వేఱొక విధమున చెప్పెను. పిల్లవానికి చెడ్డవాడని ముద్రవేసి, వేఱుచేసి, పదుగురిలో నిలిపినచో వాడు ఆ ముద్రకు తగినట్లే తయారగునని ఆయన భావము. షికాగో నగరమున షా, మెకే అనువారి పరిశోధన ఇంకను గట్టిది. కొన్ని పేటలలో బాలనేరస్థులు ఎప్పుడును అధికముగా నుండిరి. అందు నివసించు జనులు మాత్రము మారుచుండిరి: ఒకప్పుడు జర్మనులు, ఐరిషువారు, తరువాత పోలెండువారు, ఇటలీవారు. పేట విడిచి మంచి వసతికి పోయిన జాతి పిల్లలలో నేరములు తగ్గినవి. నేరము రక్తములో నున్నచో అది వారితోకూడ ప్రయాణము చేయవలసినది గదా!

బీదరికమొక్కటే కారణమనుటయు సరికాదు. బీదలలో మిక్కిలి పెద్దభాగము దొంగిలింపకయే బ్రతుకుచున్నారు. సదర్లండ్ అను అమెరికను ఆచార్యుడు 70 గొప్ప కంపెనీల వ్యవహారములను వెదకి, అవి చేసిన మోసములను, చట్టభంగములను 1949లో గ్రంథముగా వెలువరించెను. ఆ కంపెనీల యజమానులు ఆకలితో చేసినవారు కారు. వడ్రంగమువలె నేరమును సహవాసమువలన నేర్చుకొనునదే యని ఆయన సిద్ధాంతము. వారి చెవులను, దవడలను మాత్రము ఎవరును కొలువలేదు!

మద్రాసు రాష్ట్రములో ఈ చట్టము 1947లో రద్దయినది. దేశమంతటను 1952 ఆగస్టు 31న రద్దయినది. 20 లక్షలకు మించిన జనము విముక్తజాతులను పేరు పొందిరి. 1970 దశకములో జాషువ కవి కుమార్తె హేమలతా లవణమును, ఆమె భర్త లవణమును స్టూవర్టుపురమునకు పోయి, జైలునకును ఇంటికిని నడుమ తిరుగుచున్న కుటుంబములతో కలిసి పనిచేసిరి. పలువురు ఆ త్రోవ విడిచిరి.

అయితే రిజిస్టరు పోయినను పేరు పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతో రెండు తెలుగు చలనచిత్రములు వచ్చినవి. ఒకదాని పేరులో పోలీసుస్టేషను, రెండవదాని పేరులో దొంగలు. ఆ ఊరి యువకుడు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునప్పుడు అందులో స్వగ్రామమను గడి యొకటి యుండును. దానిని అతడు నింపవలెను.